ఓవర్‌డ్రైవునకు తగిన తైలమేది?

షెఫీల్డు నగరమున లేకాక్ కర్మాగారములో తయారైన ఏ-తరగతి ఓవర్‌డ్రైవు ఆస్టిన్-హీలీ కారులో గేర్‌బాక్సు వెనుక అమరియున్నప్పుడు, దానికి ఇంజనులో పోయునట్టి 30 నంబరు ఆయిలు పోయవలెనని ఆ కారు చేతిపుస్తకము చెప్పును. అదే తరగతికి చెందిన ఓవర్‌డ్రైవు ట్రయంఫ్ టీఆర్-4 కారులో అమరియున్నప్పుడు 90 నంబరు ఈపీ గేర్ ఆయిలు పోయవలెనని ఆ కారు చేతిపుస్తకము చెప్పును. యంత్రమొకటే, దానిని చేసిన చేతులవియే, లోపలి శంకువు, పంపు, రోలర్లు అన్నియు ఒక్క తీరువే. అయినను తైలములు రెండు. ఈ వైరుద్ధ్యమును చూచి పాత కార్ల ప్రియులు అరువదేండ్లుగా రెండు పక్షములై వాదించుకొనుచున్నారు. ఇంజన్ ఆయిలు పోసినచో గేర్ల పండ్లు అరిగిపోవునని ఒక పక్షము, గేర్ ఆయిలు పోసినచో ఓవర్‌డ్రైవు జారిపోవునని రెండవ పక్షము. ఇరుపక్షముల వాదములందును కొంత సత్యము కలదు గాని, ప్రశ్నను నిలుపుటలోనే పొరపాటు జరిగినదని నాకు తోచుచున్నది. ఓవర్‌డ్రైవు తనకు ఫలానా తైలమే కావలెనని కోరునది కాదు. ఫలానా గుణము గల తైలము తనలోనికి రాగూడదని నిషేధించునది. కోరునది దాని ముందున్న గేర్‌బాక్సు. ఈ రెంటిని వేరుచేసి చూచినచో చిక్కుముడి చాలవఱకు విడిపోవును.

ఈ యంత్రమును రూపొందించినవాడు కెప్టెన్ ఎడ్గార్ జోసెఫ్ డి నార్మన్‌విల్. రైలుపెట్టెల సామగ్రి చేయుటలో పేరుగాంచిన లేకాక్ సంస్థ దానిని ఉత్పత్తికి తెచ్చినది. రెండవ ప్రపంచయుద్ధానంతరము, 1940వ దశకపు చివరి సంవత్సరములలో ఇది కార్లలోనికి వచ్చినది. తొలుత దీనిని అందుకొన్న కార్లలో స్టాండర్డ్ వాన్‌గార్డ్ ఒకటి. మన చెన్నపట్టణమున స్టాండర్డ్ కంపెనీవారు కూర్చి అమ్మిన కారు కూడ ఈ వాన్‌గార్డే యగుటచే, ఆ పేరు పాతతరమువారికి అపరిచితము కాదు. ఏ-తరగతి తరువాత దానికంటె చిన్నదైన డి-తరగతి, 1960వ దశకపు చివర ఎంజీబీ కార్ల కొఱకు ఎల్‌హెచ్-తరగతి, 1970వ దశకమున జె-తరగతి, పి-తరగతి వరుసగా వెలువడినవి. జాగ్వార్, ఆస్టన్ మార్టిన్, ట్రయంఫ్, సన్‌బీమ్, వోల్వో మున్నగు కార్లు దీనిని ధరించినవి. నాలుగు గేర్ల కారునకు ఐదవ గేరువంటి సదుపాయమును ఇది కల్పించెడిది. ఎంజీబీ కారు గంటకు 70 మైళ్ల వేగమున నాలుగవ గేరులో పోవునప్పుడు ఇంజను నిమిషమునకు సుమారు 3,900 చుట్లు తిరుగును. ఓవర్‌డ్రైవు మీట నొక్కినంతనే అది 3,200 చుట్లకు దిగును. 1959లో ఇంగ్లండున ఎం-1 రహదారి తెఱవబడిన పిమ్మట, గంటలతరబడి ఒకే వేగమున పోవు ప్రయాణములు సామాన్యమైన కాలమున, ఈ ఏడువందల చుట్ల విశ్రాంతి ఎంతటి వరమో ఆ కార్లను నడిపినవారికే తెలియును.

తైలపు చర్చకు పూర్వము యంత్రపు నడకను కొంత నిదానముగా పరిశీలింపక తప్పదు. ఓవర్‌డ్రైవు గర్భమున ఒక సూర్యచక్రము, దానిచుట్టు తిరుగు గ్రహచక్రములు, వానిని ఆవరించిన వలయచక్రము గలవు. గేర్‌బాక్సు నుండి వచ్చు ఇరుసు గ్రహచక్రముల చట్రమును త్రిప్పును. వలయచక్రము వెనుక చక్రములవైపు పోవు ఇరుసునకు సంబంధించినది. సూర్యచక్రముతో కలిసి తిరుగుచు, ముందునకును వెనుకకును జరుగగలిగిన శంకువాకారపు క్లచ్ ఒకటి యున్నది. దాని లోపలి ముఖమునకును వెలుపలి ముఖమునకును ఘర్షణ పదార్థపు పూత యుండును. మామూలుగా స్ప్రింగులు ఈ శంకువును వెనుకకు నెట్టి వలయచక్రమునకు అదిమి యుంచుటచే, సూర్యగ్రహవలయములు మూడును ఒక్కముద్దగా తిరుగును. ముందునకు పోవు బలమును మాత్రము ప్రధానముగా ఒక ఏకదిశా రోలర్ క్లచ్ మోయును. మీట నొక్కినప్పుడు సాలెనాయిడ్ ఒక కవాటమును కదల్చును. ఇరుసుమీది కామ్ త్రిప్పు చిన్న పంపు పుట్టించిన తైలపు ఒత్తిడి, స్ప్రింగులను జయించి, శంకువును ముందునకు లాగి, పోత ఇనుముతో చేసిన బ్రేకు వలయమునకు అదిమిపెట్టును. అంతట సూర్యచక్రము కదలక నిలిచిపోవును, గ్రహచక్రములు దానిచుట్టు దొర్లును, వలయచక్రము గేర్‌బాక్సు ఇరుసుకంటె వేగముగా తిరుగును. ఈ తైలపు ఒత్తిడి ఆయా తరగతులనుబట్టి చదరపు అంగుళమునకు ఇంచుమించు 400 మొదలు 500 పౌనుల వఱకు నుండును. ఇంజనులోని తైలపు ఒత్తిడికి ఇది ఎనిమిది పది రెట్లు.

ఈ పంపు తనకు కావలసిన తైలమును వేఱొక తొట్టినుండి తీసికొనదు. గేర్‌బాక్సులోని తైలమే రంధ్రములగుండ వెనుకకు పాఱి ఓవర్‌డ్రైవు అడుగున చేరును. పంపు దానినే జల్లెడగుండ పీల్చి ఒత్తిడి పుట్టించి, పని ముగిసిన పిదప మఱల వదలివేయును. అనగా గేర్ల పండ్లమధ్య నలిగి వచ్చిన తైలమే కవాటముల సన్నని మార్గములలో ప్రవహించును, రోలర్లను తడుపును, గ్రహచక్రముల బేరింగులను, కంచుతో చేసిన ఒత్తిడి బిళ్లలను కాపాడును, తుదకు శంకువు ముఖములమీదికిని పోవును. అక్కడ దాని పని తక్కినచోట్ల పనికి పూర్తిగా విరుద్ధమైనది. గేర్లవద్ద రెండు లోహములు ఒకదానినొకటి తాకకుండ నడుమ నిలువవలసిన తైలము, శంకువువద్ద మాత్రము ఒత్తిడి పడగానే తొలగిపోయి, ఘర్షణ పదార్థమును ఇనుమును కలియనీయవలెను. తొలగిపోవుటలో ఆలస్యము చేసినచో శంకువు జారును. జారినచో పూత వేడెక్కి గాజువలె నునుపెక్కును. నునుపెక్కిన పూత మఱింత జారును. లేకాక్ ఓవర్‌డ్రైవు విషయమున జరుగు తైలవివాదమంతయు ఈ ఒక్క శంకువు చుట్టునే తిరుగుచున్నదనిన అతిశయోక్తి కాదు.

ఇప్పుడు కార్ల చేతిపుస్తకములను వరుసగా పరికింతము. ఎంజీబీ గేర్‌బాక్సునకు, ఓవర్‌డ్రైవు ఉన్నను లేకున్నను, ఇంజనులో పోయు ఆయిలే విధింపబడినది. ఎల్‌హెచ్-తరగతి ఓవర్‌డ్రైవుతో కూడిన గేర్‌బాక్సులో సుమారు 3.4 లీటర్లు పట్టును. ఇది ఎంజీబీని నిర్మించిన బీఎంసీ సంస్థ సంప్రదాయము. 1959లో వెలువడిన మినీ కారులోనైతే ఇంజనును గేర్‌బాక్సును ఒకే తొట్టిలోని ఒకే తైలముతో నడిపినవారు వారే. ఆస్టిన్-హీలీకిని, ఓవర్‌డ్రైవు గల జాగ్వార్ కార్లకును 30 నంబరు ఇంజన్ ఆయిలు. ట్రయంఫ్ వారు మాత్రము తమ గేర్‌బాక్సుల పండ్లకును బుషులకును అనుకూలమని నమ్మిన 90 నంబరు ఈపీ గేర్ ఆయిలునే ఓవర్‌డ్రైవు ఉన్న కార్లకును కొనసాగించిరి. టీఆర్-6 చేతిపుస్తకము కూడ దీనినే చెప్పును.

వీనియన్నింటిలో అత్యంత బోధప్రదమైనది వోల్వో నిదర్శనము. 1800 తరగతి కార్లలో ఎమ్-40 అను గేర్‌బాక్సు కలదు. దానికే ఓవర్‌డ్రైవు తగిలించినచో దాని పేరు ఎమ్-41. రెంటిలోను గేర్లు సమానములే. అయినను ఎమ్-40కు 80 నంబరు గేర్ ఆయిలును, ఎమ్-41కు 30 నంబరు ఇంజన్ ఆయిలును వోల్వో విధించినది. గేర్‌బాక్సు మాఱలేదు, వాతావరణము మాఱలేదు, కేవలము వెనుక ఓవర్‌డ్రైవు చేరినందున తైలము మాఱినది. ఓవర్‌డ్రైవునకు తైలముమీద తనదైన పట్టు కలదనుటకు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము వేఱొకటి లభింపదు. పిమ్మట కొన్నేండ్లకు ఓవర్‌డ్రైవుతో కూడిన ఎమ్-46 అను గేర్‌బాక్సునకు వోల్వోవారే టైప్-ఎఫ్ అను ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ద్రవమును విధించిరి. అది చూచి, ఆటోమేటిక్ ద్రవము ఏదైనను సరిపోవునని తలచుట ప్రమాదము. దానికి కారణము తరువాత తెలియగలదు.

అమెరికాలో ఓవర్‌డ్రైవనగా లేకాక్ కాదు, బోర్గ్-వార్నర్. 1934లో క్రైస్లర్ ఎయిర్‌ఫ్లో కార్లలో కనబడి, అనంతరము స్టూడిబేకర్, ఫోర్డ్, నాష్ మున్నగు కార్లలో రెండు మూడు దశాబ్దములు నిలిచిన ఈ యంత్రములో తైలపు ఒత్తిడితో పనియే లేదు. సాలెనాయిడ్ నెట్టిన ఒక లోహపు నాలుక సూర్యచక్రమునకు సంబంధించిన గాడిలో దిగి దానిని నిలుపును. అందుచే అక్కడి చర్చ వేఱు. దానిలోని ఏకదిశా రోలర్ క్లచ్ జారక పట్టుకొనవలెను గావున, వెనుక ఇరుసులోని హైపాయిడ్ గేర్ల కొఱకు చేసిన ఘాటైన సంకలన ద్రవ్యములు లేని సాధారణ ఖనిజ గేర్ ఆయిలు దానికి శ్రేష్ఠము. ఈ యంత్రమునకు తైలము పోయుటకు సొంత మూత వేఱుగా ఉండును. గేర్‌బాక్సు మూత విప్పి నింపి ఓవర్‌డ్రైవును మఱచువారు లేకపోలేదు. దీని ప్రస్తావన ఇంతటితో చాలును.

ఇక నంబర్ల విషయము. సామాన్యుడే కాదు, చేయి తిరిగిన మెకానిక్కు కూడ చిక్కుకొను చోటు ఇది. 30 కంటె 90 మూడురెట్లు చిక్కనిదను భావము మన షెడ్లలో బలముగా నాటుకొని యున్నది. వాస్తవమునకు ఇంజన్ ఆయిళ్ల కొలబద్ద వేఱు, గేర్ ఆయిళ్ల కొలబద్ద వేఱు, రెంటిని ఎస్.ఏ.ఈ. అను ఒకే సంస్థ నిర్ణయించినను, ఒకదాని అంకెను రెండవదాని అంకెతో పోల్చుటకు వీలులేదు. 100 డిగ్రీల ఉష్ణోగ్రతవద్ద స్నిగ్ధతను సెంటీస్టోకులలో కొలిచినచో 30 నంబరు ఇంజన్ ఆయిలు 9.3 మొదలు 12.5 వఱకును, 40 నంబరుది 12.5 మొదలు 16.3 వఱకును, 50 నంబరుది 16.3 మొదలు 21.9 వఱకును నుండును. 90 నంబరు గేర్ ఆయిలు 13.5 మొదలు 18.5 వఱకును ఉండవలెను. 2005కు పూర్వము ఈ 90 తరగతియే 24 వఱకు విస్తరించి యుండెడిది, పిమ్మట దాని పైభాగమును 110 అను క్రొత్త తరగతిగా వేఱుచేసిరి. అనగా 90 నంబరు గేర్ ఆయిలు 40, 50 నంబరుల ఇంజన్ ఆయిళ్ల నడుమనే నిలుచును. ఎంజీబీవారు పోయు 20డబ్ల్యు-50 ఇంజన్ ఆయిలును, ట్రయంఫ్ వారు పోయు 90 నంబరు గేర్ ఆయిలును వేడెక్కినపుడు చిక్కదనములో ఇరుగుపొరుగులే! వోల్వో ఎమ్-40లోని 80 నంబరు గేర్ ఆయిలును, ఎమ్-41లోని 30 నంబరు ఇంజన్ ఆయిలును అట్టివే. ఇంతకాలము చిక్కదనముపై సాగిన వాదము నిజమునకు చిక్కదనముపై వాదము కానేకాదు. వేడిమీద నున్న తైలము పలుచనా, చిక్కనా యను విషయమున కంపెనీలమధ్య ఉన్న భేదము స్వల్పము. వారి భేదమంతయు తైలములో కలిపిన రసాయనములగూర్చి.

ఆ రసాయనములలో మొదటిది ఈపీ ద్రవ్యము. అత్యధిక ఒత్తిడి క్రింద తైలపు పొర చినిగినప్పుడు, ఇందలి గంధక భాస్వర సమ్మేళనములు వేడికి ఇనుముతో కలిసి, పండ్లమీద పలుచని రక్షక పొరను ఏర్పఱచును. వెనుక ఇరుసులోని హైపాయిడ్ గేర్లు ఒకదానిపై ఒకటి దొర్లుటతోపాటు జారుచుండును గావున వానికిది ప్రాణావసరము. కాని గేర్‌బాక్సులో గేరు మార్చునప్పుడు వేగములను సరిపఱచు సింక్రో రింగులు ఇత్తడివో కంచువో. ఓవర్‌డ్రైవులోని ఒత్తిడి బిళ్లలు, బుషులు కంచువి. చురుకైన గంధకము రాగితో కూడిన లోహములను నల్లబఱచి క్రమముగా తినివేయును. అమెరికన్ పెట్రోలియం సంస్థ వర్గీకరణములో జీఎల్-4 అనునది మితమైన ఈపీ గలది. జీఎల్-5లో ఆ ద్రవ్యము దాదాపు రెట్టింపు. తైలము రాగికి చేయు హానిని పరీక్షించు విధానము చూడదగినది: మెఱుగుపెట్టిన రాగిబిళ్లను తైలములో ముంచి, 121 డిగ్రీల వేడిమిలో మూడుగంటలుంచి తీసి, అది యెంత నల్లబడినదో ప్రమాణ ఫలకముతో సరిచూచి 1 నుండి 4 వఱకు తరగతి నిర్ణయింతురు. ఒకటవ తరగతి వచ్చిన తైలములో బిళ్ల ఇంచుమించు మెఱయుచునే యుండును. నాలుగవ తరగతి వచ్చినచో బొగ్గువలె నగును. ఈనాటి కొన్ని జీఎల్-5 ఆయిళ్లు ఈ పరీక్షలో బాగుగనే నెగ్గుచున్నవనుట సత్యమే. అయినను రాగికి హాని చేయనంత మాత్రమున సింక్రో రింగునకు తగినదని చెప్పజాలము. మిక్కిలి జారుడుగుణము గల తైలములో రింగు గేరును పట్టి నిలుపలేక, మార్చినప్పుడెల్ల కరకరమను శబ్దము వచ్చును. కావున ట్రయంఫ్ వారి చేతిపుస్తకములోని ‘90 ఈపీ’ని నేటి దుకాణములో అడుగునప్పుడు డబ్బాపై జీఎల్-4 అని యున్నదా, జీఎల్-5 అని యున్నదా యని చూడక కొనరాదు. ఆ పుస్తకము వ్రాసినవారి ఉద్దేశము మొదటిదానికే సరిపోవును. రెండును 90లే, రెండును ఈపీలే. దుకాణదారునకు భేదము తెలియనక్కఱలేదు, కారు గలవానికి తెలియవలెను.

రెండవ రసాయనము ఓవర్‌డ్రైవునకు నిజమైన శత్రువు: ఘర్షణను సడలించు ద్రవ్యము. లిమిటెడ్-స్లిప్ డిఫరెన్షియల్ కొఱకు అమ్ము గేర్ ఆయిళ్లలో ఇది బుద్ధిపూర్వకముగా కలుపబడును; మాలిబ్డినం, గ్రాఫైటు, టెఫ్లాన్ మున్నగు ఘనకణములను కలిపి ఇంజను ఆయుర్దాయమును పెంచునని ప్రకటించు సీసాలలోనిదియు ఇట్టిదే. ఇంధనపు ఆదా కొఱకు రూపొందించిన పలుచని నేటి ఇంజన్ ఆయిళ్లలో కూడ ఇది కలదు. శంకువుమీది పూతకు ఇది పట్టినదనిన, ఒకసారి తైలము మార్చినంత మాత్రమున పోదు; పూత సూక్ష్మరంధ్రములలో నిలిచిపోయి పలుమార్లు కడిగినను జాఱుటను మాన్పదు. ఇందులకే ఘర్షణను తగ్గించు మందులను ఓవర్‌డ్రైవులో వాడరాదని తయారీదారులు గట్టిగా హెచ్చరించిరి. వోల్వో వారు ఆటోమేటిక్ ద్రవములలో టైప్-ఎఫ్‌నే ఎన్నుకొనుటకును మూలమిదియే: 1967 నాటి ఫోర్డ్ ప్రమాణమును అనుసరించిన ఆ ద్రవములో ఘర్షణను సడలించు ద్రవ్యము లేదు, అందుచే క్లచ్ గట్టిగా పట్టును. డెక్స్‌రాన్ జాతి ద్రవములలో మార్పు మెత్తగా జరుగుట కొఱకు ఆ ద్రవ్యము చేర్చబడును. రెండును ఎఱ్ఱగానే యుండును, రెండును ఇంచుమించు అంతే పలుచగా ఉండును. శంకువువద్ద మాత్రము రెంటి ప్రవర్తన వేఱు. ఎమ్-46 యజమాని డెక్స్‌రాన్ పోసి ఓవర్‌డ్రైవు జాఱుచున్నదని వాపోవుటలో ఆశ్చర్యమేమియు లేదు.

ఇచ్చట మన దేశపు పాఠకునకు ఒక సౌకర్యము కలదు. మోటారుసైకిళ్ల క్లచ్ ఇంజన్ ఆయిలులోనే మునిగియుండును; దానికిని ఓవర్‌డ్రైవు శంకువునకును ఉన్న సమస్య ఒక్కటే. జపాను మోటారు ప్రమాణముల సంస్థ (జాసో) మోటారుసైకిల్ ఆయిళ్లలో క్లచ్ జాఱనీయనివానిని ఎమ్ఏ తరగతిగా గుర్తించినది. 20డబ్ల్యు-50 చిక్కదనముతో జాసో ఎమ్ఏ గుర్తు గల ఆయిలు మన ఊళ్లలో మోటారుసైకిల్ విడిభాగముల దుకాణములలో దొరకును. ఇంజన్ ఆయిలు విధింపబడిన ఎంజీబీ వంటి కారు గలవాడు, పాత రకము ఆయిలు దొరకని చోట, దీనిని నిశ్చింతగా ఎన్నుకొనవచ్చునని నా అభిప్రాయము. ఘర్షణ విషయమున పరీక్షకు నిలిచి, ఆ సంగతి డబ్బాపై ముద్రితమైన ఆయిలు మఱియొకటి సామాన్యముగా లభించుట లేదు. మధ్యాహ్నపు ఎండ నలువది డిగ్రీలు దాటు మన సీమలో 30 నంబరుకంటె ఈ చిక్కదనము ఓవర్‌డ్రైవు పంపునకు మేలే గాని కీడు కాదు. అయితే ఇట్టి మల్టీగ్రేడ్ ఆయిళ్లలో చిక్కదనమును నిలుపుటకు కలిపిన పొడవైన అణువులు గేర్ల పండ్లమధ్య నలిగి తెగిపోవుననియు, కొన్ని వేల మైళ్ల తరువాత 50 నిజమునకు 50గా నిలువదనియు మఱువరాదు. ఒకే నంబరు గల 30 లేదా 40 ఆయిలునకు ఈ బాధ లేదు.

‘నాన్-డిటర్జెంటు’ ఆయిలే కావలెనని ఆస్టిన్-హీలీ అభిమానులలో బలమైన నమ్మకము కలదు. డిటర్జెంటు ద్రవ్యము నురుగు పుట్టించునని, నురుగు పంపులో చేరినచో ఒత్తిడి పడిపోవునని వారి భయము. గాలి కలిసిన తైలము నొక్కబడును, కావున నురుగు వలన ఒత్తిడి పడిపోవుననుట నిజమే. కాని మంచి ఇంజన్ ఆయిళ్లలో నురుగును అణచు ద్రవ్యము కూడ ఉండును. డిటర్జెంటు పని ఇంజనులోని మసిని తేలియాడించుట. గేర్‌బాక్సులో మసి లేదు గనుక దానికి పనిలేదు, హానియు లేదు. పైగా నేడు నాన్-డిటర్జెంటుగా అమ్ముడగు ఆయిళ్లలో అరుగుదలను, తుప్పును నివారించు ద్రవ్యములు కూడ లోపించియుండుట సాధ్యము. ఈ విషయమున పాత నమ్మకమును విడుచుట మంచిదని తలచెదను. ఒక్క సందర్భమున మాత్రము వారి భయమునకు అర్థము కలదు: ఏండ్లతరబడి తైలము మార్చని గేర్‌బాక్సులో క్రొత్త డిటర్జెంటు ఆయిలు పోసినచో, మూలల పేరుకొన్న మడ్డి కదలి పంపు జల్లెడను మూసివేయవచ్చును. సింథటిక్ ఆయిళ్ల విషయము క్లుప్తముగా: జీఎల్-4 ప్రమాణముతో, గేర్‌బాక్సుల కొఱకే చేసిన 75డబ్ల్యు-90 సింథటిక్ ఆయిలు పోసి సంతృప్తి చెందినవారు పెక్కురు, చల్లని ఉదయమున గేరు సులువుగా పడుట దాని గుణము, పాత సీళ్లవద్ద కాఱుట దాని దోషము.

తైలమును నిందించుటకు పూర్వము నిజముగా తైలమే కారణమా యని విచారించుట న్యాయము. ఓవర్‌డ్రైవు పట్టలేదన్న ఫిర్యాదులలో పెక్కింటికి మూలము విద్యుత్తులో ఉండును: తెగిన తీగ, కాలిన రిలే, పై గేర్లలో మాత్రమే అనుమతించు గేర్‌బాక్సు మీది స్విచ్చి. ఏ, డి తరగతుల సాలెనాయిడ్ కదలునప్పుడు 15 ఆంపియర్లకు పైగా విద్యుత్తును లాగి, పిదప ఒకటి రెండు ఆంపియర్లతో నిలుచును; దాని లోపలి స్విచ్చి సరిగా తెఱచుకొననిచో చుట్ట కాలిపోవును. విద్యుత్తు సరిగానున్నచో అప్పుడు తైలపు లక్షణములను చదువవచ్చును. చల్లగా నున్నప్పుడు పట్టి, ముప్పది మైళ్లు పోయిన పిదప వేడెక్కి జాఱుచున్నచో పంపో, రబ్బరు రింగులో అరిగి, పలుచనైన తైలము కాఱి ఒత్తిడి చాలకున్నదని గ్రహింపవలెను. దానికి చిక్కని తైలము పోయుట కొన్నాళ్లు పని చేయును. కాని అరిగిన పంపు బాగుపడదు, చిక్కని తైలము క్రింద దాగియుండి మఱింత అరుగును.

పట్టుకొన్న ఓవర్‌డ్రైవు విడువకున్నచో మాత్రము ఆలస్యము చేయరాదు. ఏ, డి తరగతులలో ఒత్తిడిని బయటకు వదలు కవాటము బోలుగా నుండి, దాని ప్రక్కన సూదిమొనంత రంధ్రమొకటి యుండును. మడ్డి కణమొకటి దానిని మూసినచో, మీట త్రిప్పినను లోపలి ఒత్తిడి తగ్గదు, శంకువు బ్రేకు వలయమునుండి కదలదు. ఆ స్థితిలో కారును వెనుకకు నడిపినచో వలయచక్రము గేర్‌బాక్సు ఇరుసుకంటె వేగముగా వెనుకకు తిరుగబోవును. ముందునకు పోవునప్పుడు స్వేచ్ఛగా జారిన ఏకదిశా రోలర్లు ఇప్పుడు బిగుసుకొనును. రెండు విరుద్ధ బలముల నడుమ చిక్కి రోలర్లో, వాని పంజరమో, ఒక్కొక్కప్పుడు పైపెట్టెయో పగులును. తైలపు శుభ్రతకు చిక్కదనముకంటె ఎక్కువ విలువ నీయవలెనని నేను పట్టుబట్టుటకు కారణము ఈ సూదిరంధ్రమే. వెనుకకు నడుపుటకు పూర్వము ఓవర్‌డ్రైవు విడిచినదని రూఢిచేసికొనుట పాత డ్రైవర్ల అలవాటు. సందేహమున్నచో కారును చేతులతో నెట్టుకొనిరి గాని రివర్సు వేయలేదు.

పూర్వచరిత్ర తెలియని కారు చేతికి వచ్చినప్పుడు ఏమి చేయవలెను? ముందుగా కారును కొంతదూరము నడిపి తైలమును వేడెక్కించి, గేర్‌బాక్సు క్రిందనున్న బిరడాను, ఓవర్‌డ్రైవు అడుగుననున్న బిరడానో మూతనో విప్పి, రెండుచోట్లనుండియు తైలమును కార్చవలెను. గేర్‌బాక్సు బిరడాను మాత్రమే విప్పువారికి ఓవర్‌డ్రైవులోని పాత తైలము చాలవఱకు లోపలనే మిగిలిపోవును. కార్చిన తైలమును తెల్లని పళ్లెములో పట్టి వెలుతురున చూడవలెను. బంగారు తళుకు కనబడినచో కంచు బిళ్లలో సింక్రో రింగులో అరుగుచున్నవి. బూడిదరంగు ముద్ద అయస్కాంతమునకు అంటినచో అది ఉక్కు పొడి, స్వల్పమైనచో భయము లేదు. నల్లని పీచువంటి తునుకలు శంకువు పూతనుండి ఊడినవి కావచ్చును. గంధకపు ఘాటైన వాసన కొట్టినచో ఎవరో గేర్ ఆయిలు, బహుశః హైపాయిడ్ ఆయిలు పోసియున్నారు. జల్లెడను ఊడదీసి కిరోసినులో కడిగి, పీచు అంటని గుడ్డతో తుడిచి, క్రొత్త గాస్కెటుతో బిగింపవలెను. తరువాత ఆ కారు చేతిపుస్తకము చెప్పిన తరగతి తైలమును, ఘర్షణను సడలించు ద్రవ్యము లేనిదానిని ఎన్నుకొని, మట్టపు గుర్తువఱకు నింపి, కొద్దిదూరము నడిపి ఓవర్‌డ్రైవు గర్భము నిండిన పిదప మట్టమును మఱల సరిచూచి, లోటును పూరింపవలెను. అయిదువందల మైళ్ల అనంతరము ఆ తైలమును కూడ కార్చివేసి, జల్లెడను మఱియొకసారి చూచి, అదే తరగతి తైలమును తిరిగి పోయవలెను; మొదటిసారి పోసినది వాస్తవమునకు లోపల కడుగుటకే ఉపయోగపడినది, రెండవసారి పోసిన తైలముతోనే ఆ ఓవర్‌డ్రైవు గుణదోషములను నిర్ణయింపవచ్చును.